చైను ఊడితే ఆగాలా?

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో 1984 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇవాళ ఎందుకు మాట్లాడమన్నారో మీలో చాలామందికి తెలుసు. స్వర్ణోత్సవాల సందర్భంగా మన బడి దగ్గర బయలుదేరి, కాలవ గట్టు మీదుగా లాకుల దాకా వెళ్ళి తిరిగొచ్చే సైకిల్ యాత్ర ఒకటి పెట్టాలని కమిటీ అనుకుంది. మొత్తం నలభై కిలోమీటర్లు. అంతవరకు అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతే రెండు పార్టీలయ్యాం. ఫస్టు, సెకండు, థర్డు అని కప్పులు పెట్టకపోతే ఎవడు తొక్కుతాడని కొందరు. ఈ వయసులో పందేలేమిటి, సరదాగా తొక్కొచ్చి భోజనాలు చేద్దామని మరికొందరు. వాట్సాప్ గ్రూపులో ఇది నాలుగు రోజులు నడిచింది. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు కూడా. చివరికి కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏమయ్యా, నువ్వు స్వీడన్‌లో మూడొందల కిలోమీటర్లు తొక్కినవాడివి గదా, నువ్వే చెప్పు" అని ఆ బరువు నా నెత్తిన పెట్టారు.

చెబుతాను. అయితే అక్కడ నేను కప్పు గెలిచి వచ్చానని ఎవరూ అనుకోవద్దు. అక్కడ కప్పులు ఇవ్వరు. పైగా అక్కడ నేను చేసిన ఒక తప్పు ఉంది. అది చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

ముందు మన సంగతి. మా ఊరి నుంచి ఈ బడికి ఐదు కిలోమీటర్లు. ఆరుగురం, మూడు సైకిళ్ళు. వెళ్ళేటప్పుడు ఒకడు తొక్కితే వచ్చేటప్పుడు రెండోవాడు తొక్కాలి. క్యారేజీ మీద కూర్చున్నవాడు రెండు సంచులూ పట్టుకోవాలి. పక్క ఊరి పిల్లలు కనబడితే చాలు, పందెం మొదలయ్యేది. చింతచెట్టు మలుపు దగ్గర్నుంచి బడి గేటు దాకా ఊపిరాడకుండా తొక్కేవాళ్ళం. అయినా మాలో ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు. ఎవడి చైను ఊడినా అందరూ ఆగాలి. పక్క ఊరివాడి చైను ఊడినా ఆగాలి. చైను ఎక్కించి, చేతుల నల్లటి మడ్డి గడ్డికి తుడుచుకుని, ఆగిన చోటు నుంచే మళ్ళీ పందెం. బడికి ఆలస్యమైతే అందరికీ కలిపి దెబ్బలు. ఆ దెబ్బలు కొట్టిన మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. వారికి ప్రత్యేకంగా నమస్కారం.

ఇక స్వీడన్ సంగతి. ఉద్యోగం మీద గోథెన్‌బర్గ్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాను. ఆ దేశంలో వెట్టర్న్ అని పెద్ద సరస్సు ఉంది. స్వీడన్ సరస్సుల్లో రెండో పెద్దది. దాని చుట్టూ సైకిల్ తొక్కే ఉత్సవాన్ని 1966లో మోతాలా అనే ఊళ్ళో మొదలుపెట్టారు. పేరు వెట్టర్న్‌రుండాన్. అంటే వెట్టర్న్ చుట్టూ ఒక ప్రదక్షిణ అన్నమాట. నేను తొక్కిన రోజుల్లో 300 కిలోమీటర్లు. తర్వాత దారి కొంత మార్చి 315 చేశారు. ఏటా జూన్ నడిమిన జరుగుతుంది. నేను వెళ్ళిన ఏళ్ళలో ఇరవై వేలకు పైగా జనం పేర్లు ఇచ్చేవారు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం ఉదయం దాకా, కొద్ది నిమిషాలకొక జట్టు చొప్పున వదులుతూనే ఉంటారు. జూన్‌లో అక్కడ రాత్రి అనేది పేరుకే. పదకొండింటికి కూడా ఆకాశంలో వెలుగు ఉంటుంది, రెండు దాటితే మళ్ళీ తెల్లవారుతున్నట్టే.

ఇందులో అసలు విశేషం ఏమిటంటే, నిర్వాహకులు దీన్ని పందెం అనరు. విజేత లేడు. బహుమతి లేదు. చివరికి వచ్చినవారందరికీ ఒకే రకం పతకం. అయితే ప్రతివాడికీ ఒక చిప్ ఇస్తారు. ఎన్ని గంటల్లో వచ్చావో అది లెక్కపెడుతుంది. ఈ చిప్ దగ్గరే మనిషి బుద్ధి బయటపడుతుంది. ఏడు గంటలకు అటూఇటూగా ఆ మూడొందల కిలోమీటర్లూ ముగించే జట్లు ఉన్నాయి. ఏడాదంతా కలిసి సాధన చేసి, ఒకే రంగు చొక్కాలు వేసుకుని, చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు దూరంలో తొక్కుతారు. అదే దారి మీద బుట్ట కట్టిన పాత సైకిల్ మీద, ప్రతి విడిదిలో కాఫీ తాగుతూ ఇరవై గంటలకు వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకటే రోడ్డు, ఒకటే పతకం.

నేను మొదటిసారి 2013లో వెళ్ళాను. నాతో పాటు ఒక స్నేహితుడు. కరీంనగర్ జిల్లావాడు, మా ఆఫీసులోనే పని. ఇద్దరికీ అదే మొదలు. రాత్రి పది ప్రాంతంలో బయలుదేరాం. సరస్సుకు తూర్పు ఒడ్డున దక్షిణంగా దిగుతాం. గ్రెన్నా అనే ఊరు వస్తుంది. ఎరుపు తెలుపు చారల పిప్పర్మెంటు బిళ్ళలకు ఆ ఊరు పేరు మోసింది. 1859లో అమాలియా ఎరిక్సన్ అనే వితంతువు బతుకుతెరువు కోసం మొదలుపెట్టిన వ్యాపారం అది. నూరు కిలోమీటర్లు దాటాక సరస్సు దక్షిణపు కొసన యోన్‌షోపింగ్. అక్కడ ఉడకబెట్టి మెదిపిన బంగాళాదుంప, మాంసపు ఉండలు పెడతారు. అక్కడి నుంచి పడమటి ఒడ్డు పట్టుకుని పైకి. దారి పొడుగునా విడిదుల్లో వేడివేడి బ్లూబెర్రీ సూపు, బన్ను, అరటిపండు, ఉప్పులో ఊరేసిన దోసకాయ. తెల్లవారుజామున నాలుగింటికి చలిలో ఆ ఉప్పు దోసకాయ కొరికితే, మన ఊరగాయ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. కార్ల్స్‌బోర్గ్ దగ్గర పాత కోట ఉంది. 1819లో మొదలుపెట్టి తొంభై ఏళ్ళు కట్టారట. అది పూర్తయ్యేనాటికి అలాంటి కోటలకే కాలం చెల్లింది. అక్కడ కూర్చుని ఫొటోలు తీసుకున్నాం. పదిహేను గంటలు దాటాక మోతాలా చేరాం. అంత సంతోషంగా అలిసిపోయిన రోజు నా జీవితంలో మరొకటి లేదు.

సరదాగా తొక్కేవాళ్ళదే ధర్మం, పోటీవాళ్ళదే దోషం అని మీరు అనుకునేలోగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మొదటిసారి, గ్రెన్నా చేరకముందు, సరస్సు మీద వెలుగు పడుతుంటే ఫొటో తీద్దామని నేను ఉన్నపళంగా బ్రేకు వేశాను. వెనకనున్నవాడు పక్కకు తప్పుకుని, పడబోయి నిలదొక్కుకున్నాడు. స్వీడిష్‌లో నాలుగు మాటలు అన్నాడు. నాకు రెండు అర్థమయ్యాయి, రెండూ న్యాయమైనవే. ముగ్గురు నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ రోడ్డంతా ఆక్రమించడం, చేయి చూపకుండా ఆగడం, సాధన లేకుండా వచ్చి సగం దారిలో కూలబడి ఇంకొకరికి పని పెట్టడం, ఇవన్నీ సరదా పార్టీవాళ్ళ తప్పులే. సరదాకి వచ్చాం కదా అని ఎదుటివాడి ప్రాణంతో ఆడకూడదు.

ఇక నా రెండోసారి. మొదటిసారి పదిహేను గంటలు పట్టిందన్న మాట నన్ను తొలచడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు. నేనే ఇంటర్నెట్‌లో ఫలితాలు తెరిచి, మా ఆఫీసులో ఎవరెవరు ఎన్ని గంటల్లో వచ్చారో వెతికి చూసుకున్నాను. పదకొండు గంటల లోపు రావాలని పట్టుపట్టాను. మా స్నేహితుడు సరే అన్నాడు.

ఈ పట్టుదల వల్ల నాకు మేలు జరగలేదని చెప్పను. చాలా జరిగింది. అంతకుముందు సుగరు మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తున్నారు. చలికాలమంతా ఇంట్లో, వసంతం నుంచి రోడ్డు మీద వారానికి నాలుగు రోజులు తొక్కాను. ఎనిమిది కిలోలు తగ్గాను. మాత్ర వాయిదా పడింది. గడియారం లేకపోతే ఇవేవీ చేసేవాణ్ణి కాదు. "సరదాగా తొక్కుదాం" అనుకున్న ఏడాది నేను ఆదివారం కూడా లేవలేదు. పోటీ అనేది మనిషిని మంచం మీంచి లేపుతుంది. ఆ మాట పోటీ పార్టీవారి పక్షాన చెబుతున్నాను.

గుంపులో తొక్కడం కూడా అప్పుడే నేర్చుకున్నాం. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు. వెనక దగ్గరగా ఉన్నవాడికి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అందుకని వంతులు వేసుకుంటారు. కాసేపు నువ్వు ముందు, కాసేపు నేను ముందు. గుంపు జారిపోయిందంటే ఆ గాలంతా ఒంటరిగా నువ్వే మోయాలి. జరగబోయేది అర్థం కావాలంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

2015లో తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. దారిలో ఒక మంచి గుంపు దొరికింది. పన్నెండు మంది, ఎవరికి ఎవరూ తెలియదు, కానీ వంతులు చక్కగా నడుస్తున్నాయి. రెండొందల కిలోమీటర్లు దాటాం. లెక్క ప్రకారం పదకొండు గంటల లోపు వచ్చేస్తాం. కార్ల్స్‌బోర్గ్ దాటాక మా స్నేహితుడి వెనక చక్రం పంచరైంది. వాడు చేయి పైకెత్తి పక్కకు తప్పుకున్నాడు. గుంపు ఆగలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. "నువ్వు వెళ్ళు, నేను వస్తా" అని చేత్తో సైగ చేశాడు.

నేను వెళ్ళాను.

వెళ్ళమన్నాడు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. వాడి దగ్గర ట్యూబు ఉంది, పంపు ఉంది, పది నిమిషాల పని అని చెప్పుకున్నాను. చివరికి 10 గంటల 47 నిమిషాల్లో మోతాలా చేరాను. పతకం మెడలో వేశారు. గడ్డి మీద కూర్చున్నాను. గంట గడిచింది. గంటన్నర దాటాక వాడు వచ్చాడు.

కారులో గోథెన్‌బర్గ్ దాకా మూడు గంటల ప్రయాణం. వాడు కోపంగా ఏమీ అనలేదు. నేను అడిగితేనే చెప్పాడు. ఉన్న ఒక్క ట్యూబూ ఎక్కిస్తున్నప్పుడు టైరు కింద నలిగి చిరిగింది. రోడ్డు పక్కన నలభై నిమిషాలు నిలబడ్డాడు. చివరికి ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళకు దగ్గర్లో ఉంటుందట, ఆగి తన ట్యూబు ఇచ్చి, ఎక్కించడానికి చేయి కూడా వేసి వెళ్ళింది. ఇది చెప్పి వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా సీటు కింద సంచిలో రెండు ట్యూబులు ఉన్నాయి. ఆ సంగతి వాడికీ తెలుసు, ముందురోజు రాత్రి ఇద్దరం కలిసే సర్దుకున్నాం.

సోమవారం ఆఫీసులో నా 10:47 గురించి ఒకే ఒక్కరు అడిగారు. "ఓ, బాగుంది" అని కాఫీ పట్టుకుని వెళ్ళిపోయారు. మరుసటి ఏడు మా స్నేహితుడు వేరే జట్టుతో పేరు ఇచ్చాడు. నన్ను పిలవలేదు. నేను వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే ఒక పాత సంగతి చదివాను. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగొచ్చే సైకిల్ ప్రయాణం ఉంది. 1,200 కిలోమీటర్లు. 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడది నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది, పందెం కాదు. చాలామందికి గడువు 90 గంటలు, ఆ లోపు వస్తే చాలు. మన హైదరాబాద్‌లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో అంటూ జరిగే బ్రెవేలు ఈ సంప్రదాయానివే. వాటిలో మరీ వేగంగా వెళ్ళినా లాభం లేదు, మధ్య మజిలీలు ఫలానా సమయానికి గాని తెరవరు. పారిస్-బ్రెస్ట్ అసలైన పందెంగా చివరిసారి జరిగింది 1951లో. అందరికంటే ముందు ఇద్దరు వస్తున్నారు, మోరీస్ డియో, ఎడ్వార్ మ్యూలర్. ఇంకా 22 కిలోమీటర్లు ఉందనగా మ్యూలర్ చక్రం పంచరైంది. డియో వెళ్ళిపోతే గెలుపు ఖాయం. వెళ్ళలేదు. మ్యూలర్ పంచరు బాగుచేసుకునేదాకా ఆగాడు. తర్వాత ఇద్దరూ కలిసి పారిస్ వచ్చారు. చివరి పరుగులో డియో ప్రాణం పెట్టి తొక్కి మ్యూలర్‌ను ఓడించి గెలిచాడు. 38 గంటల 55 నిమిషాలు, అది అప్పటికి రికార్డు.

ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. ఆయనకు అది బతుకుతెరువు. ఎదురుగా గెలుపు ఉంది, అయినా ఆగాడు. నాకు కప్పు లేదు, డబ్బు లేదు, విజేత అనేవాడే లేని చోట నేను ఆగలేదు. కాబట్టి తప్పు పోటీది కాదని నాకు అర్థమైంది. డియో కంటే గట్టి పోటీదారు ఎవరుంటారు? నా తప్పు వేరే. నేను, మా స్నేహితుడు కలిసి బయలుదేరాం గాని, దేనికి బయలుదేరామో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. వాడు ఇద్దరం కలిసి పదకొండు గంటల్లో రావాలనుకున్నాడు. నేను పదకొండు గంటల్లో రావాలనుకున్నాను. "ఇద్దరం కలిసి" అన్న మాట నా లెక్కలో ఎప్పుడో జారిపోయింది. చైను ఊడితే ఆగాలన్నది పదమూడేళ్ళకే తెలిసినవాణ్ణి, నలభై ఆరేళ్ళకు మరిచిపోయాను.

2017లో వాడి ఇంటికి వెళ్ళి, ఈసారి నాతో వస్తావా అని అడిగాను. "ట్యూబులు ఎవరి సంచిలో?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరు ఆగినా ఇద్దరం ఆగాలి. గడియారం చూసుకోవచ్చు గాని, దాని మాట ఆఖర్న వినాలి. సరస్సు ఉత్తరపు కొసకు హమ్మర్సుందెత్ అని వంతెన ఉంది. ఇంకా నలభై కిలోమీటర్ల పైచిలుకు ఉందనగా అక్కడ నా పిక్కలు పట్టేశాయి. వాడు సైకిల్ పక్కన పెట్టి, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని సాగదీశాడు. ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాం. తర్వాత నిమ్మళంగా బయలుదేరాం. మోతాలా ఊళ్ళోకి వచ్చాక, గీత కనబడగానే, వాడు మాట్లాడకుండా లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. నేనూ లేచాను. పట్టేసిన పిక్కలతో ఎంతని తొక్కను? నాలుగు సెకన్ల తేడాతో ఓడిపోయాను. మొత్తం పదమూడు గంటల చిల్లర. ఆ పదమూడు గంటలూ ఎవరికీ గుర్తులేవు. ఆ నాలుగు సెకన్లు మాత్రం వాడు ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేసి గుర్తుచేస్తాడు.

ఇప్పుడు మన యాత్ర సంగతికి వస్తాను. కమిటీవారి ముందు నా మనవి ఇది.

రోడ్డు మీద ర్యాంకులు వద్దు. కారణం వేదాంతం కాదు. కాలవ గట్టు ఇరుకు. ట్రాక్టర్లు వస్తాయి, ఆటోలు వస్తాయి, బర్రెలు వస్తాయి. మనలో ఇరవై ఏళ్ళవాళ్ళూ ఉన్నారు, డెబ్బై ఏళ్ళవాళ్ళూ ఉన్నారు. మూసివేయని రోడ్డు మీద కప్పు పెడితే, ఆ కప్పు కోసం మలుపులో కుడిపక్కకు వచ్చేవాడు ఒకడైనా ఉంటాడు. ఆ ఒక్కడూ మన బడి పిల్లవాడే.

ఇరవై మందికొక జట్టు చొప్పున ఐదేసి నిమిషాల తేడాతో వదలండి. వేగంగా పోవాలనుకునేవారు ముందు జట్లలో పేర్లు ఇవ్వండి. అప్పుడు ఎవరూ ఎవరినీ తోసుకుని దాటాల్సిన పని ఉండదు. కబుర్లు చెప్పుకోవాలనుకునేవారు వెనక జట్లలో రండి, ఇద్దరి కంటే ఎక్కువ పక్కపక్కన రావద్దు, ఎడమ అంచు వదలొద్దు. గేటు దగ్గర పెద్ద గడియారం పెట్టండి. ఎవరి టైము వారు చూసుకోవచ్చు. మైకులో చదవొద్దు. అందరికంటే వెనక ఒక సైకిలూ, ఒక ట్రాలీ ఆటో, అందులో పంపు, ట్యూబులు, మంచినీళ్ళు. ఆ వెనక సైకిలు నేను తొక్కుతాను. ఆ పని నాకు ఇవ్వండి, ఒక అప్పు తీర్చుకోవాలి. ప్రతి జట్టుకూ నియమం ఒక్కటే, చైను ఊడితే జట్టు ఆగాలి.

కప్పులు కావాలన్నవారిని నిరాశపరచొద్దు. సాయంత్రం నాలుగింటికి మన గ్రౌండులో పందేలు పెట్టండి. సున్నం గీతలు కొట్టించి, బ్యాచ్‌లవారీగా నిజమైన పందేలు. ఈలతో మొదలు, ఫస్టు సెకండు థర్డు, మైకులో పేర్లు, అన్నీ ఉండాలి. అక్కడ మాత్రం ఎవరూ మొహమాటానికి ఓడిపోవద్దు. ఆఖర్న నెమ్మది సైకిల్ పందెం. కొత్త పిల్లలకు తెలియకపోతే చెబుతాను. గీతల మధ్య, కాలు కింద పెట్టకుండా, అందరికంటే ఆఖర్న వచ్చినవాడే ఫస్టు. 1983లో అందులో నాకు స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. మా అమ్మ దాన్ని చనిపోయేదాకా పోపుల డబ్బాగా వాడింది.

గురువులకు ఒక్క మాట. మీరు పెట్టే పోటీలు మానొద్దు. ర్యాంకు మీద కోపంతో పోటీలే తీసేస్తే, నాలాంటి బద్ధకస్తుడు ఏ వయసులోనూ మంచం దిగడు. ఈల వేసే ముందు మాత్రం ఇది పందెమా, ప్రయాణమా అన్నది పిల్లలకు చెప్పండి. రెంటిలోనూ పక్కవాడు పడితే ఏం చేయాలో కూడా అప్పుడే చెప్పండి. మా ఆరుగురికీ ఎవరూ చెప్పకుండానే తెలిసిందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆలస్యానికి అందరికీ కలిపి దెబ్బలు కొట్టారే, మాస్టారూ, ఒక్కణ్ణి వదిలేసి ముందు వచ్చినవాడికి మీరు ఏనాడూ మెచ్చుకోలు ఇవ్వలేదు. చెప్పింది మీరేనేమో.

పేర్లు రాసుకునే పుస్తకం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. గ్రూపులోంచి వెళ్ళిపోయిన ఆ ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు, నేను చూశాను. మీ ఇద్దరి పేర్లూ ఒకే జట్టులో రాయమని కార్యదర్శి గారికి ముందే చెప్పాను. కోపగించుకోకండి.